నిలిచిన వాన, నిండిన జలాశయం

కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 700 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అందులో పెద్ద పాలు జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఉండే నైరుతి రుతుపవనాలది కాగా, మిగిలిన దానిలో ఎక్కువ భాగం అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనాలది. పడమటి కనుమల వానచాటున ఉన్న ఈ నేలలో రైతు దిగులంతా రాని వాన గురించే గనుక, ఇక్కడి నీటిపారుదల ఏర్పాటు యావత్తూ, ఊరి చెరువు మొదలుకొని శ్రీశైలం జలాశయం దాకా, వచ్చిన నీటిని వదలకుండా పట్టి ఉంచుకోవాలన్న ఒక్క ఆలోచన చుట్టూ పెరిగింది. ఆ ఆలోచన తప్పని ఎవరూ అనలేరు. అయితే ఇటీవలి కాలంలో ఈ సీమను ముంచిన పెద్ద వరదలు వానాకాలం చివరి అంచున, చెరువులూ జలాశయాలూ నిండి ఉన్న వేళ వచ్చాయి. అందువల్ల కరువు భయంతో నింపి పెట్టుకున్న నీరే వరద రోజున సమస్య అవుతుంది. 2009లో కర్నూలు పట్టణం, 2021లో రాజంపేట ప్రాంతం ఆ సమస్యను రెండు వేర్వేరు రూపాల్లో ఎదుర్కొన్నాయి. ఒకచోట పనికివచ్చే పరిష్కారం రెండోచోట ఎందుకు పనికిరాదో చెప్పడానికే ఈ ప్రసంగంలో ఎక్కువ భాగం సరిపోతుంది.

వాతావరణ శాఖ వాడే మాటలను ముందుగా తెలుసుకోవడం అవసరం. సముద్రం మీద గానీ నేల మీద గానీ ఒకచోట గాలి పీడనం చుట్టుపక్కల కంటే తగ్గి, గాలులు ఆ చోటు చుట్టూ తిరగడం మొదలైతే దానిని అల్పపీడనం అంటారు. ఆ గాలుల వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండమని, 50 కిలోమీటర్లకు చేరితే తీవ్ర వాయుగుండమని, 62 కిలోమీటర్లకు చేరితే తుపాను అని వ్యవహరిస్తారు. పేరు పెట్టేది తుపానుకు మాత్రమే. ఈ మెట్లన్నీ గాలి వేగాన్ని బట్టి ఏర్పడినవే తప్ప వాన పరిమాణాన్ని బట్టి ఏర్పడినవి కావన్న సంగతి తరచు మరుగున పడిపోతుంది. పేరున్న తుపాను వస్తున్నదంటే బెదిరే జనం, పేరులేని అల్పపీడనాన్ని ముసురుగా ఎంచి ఊరుకుంటారు. సముద్రానికి దూరంగా ఉన్న రాయలసీమకు గాలి వల్ల కలిగే హాని స్వల్పం, నీటి వల్ల కలిగే హానే అధికం.

ఒక ఊరిలో కురిసే మొత్తం వాన, గంటకు ఎంత కురుస్తున్నది, ఎన్ని గంటలు కురుస్తున్నది అనే రెండింటి లబ్ధం. 100 కిలోమీటర్ల వెడల్పున్న వానమబ్బుల పట్టీ ఒకటి గంటకు 20 కిలోమీటర్ల వేగంతో కదులుతూ, గంటకు 10 మిల్లీమీటర్ల చొప్పున కురుస్తున్నదనుకుంటే, దాని కిందనున్న ఊరికి 5 గంటల్లో 50 మిల్లీమీటర్లు దక్కుతాయి. అది మంచి వాన, రైతు కోరుకునే వాన. అదే పట్టీ గంటకు 5 కిలోమీటర్లే కదిలితే వాన ఉద్ధృతి ఏమాత్రం పెరగకుండానే ఆ ఊరి మీద 20 గంటలు నిలిచి 200 మిల్లీమీటర్లు, అంటే ఏడాది వానలో నాలుగో వంతు కంటే ఎక్కువ, ఒకే రోజున కుమ్మరిస్తుంది. మొదటి 50 మిల్లీమీటర్లలో చాలా భాగాన్ని నేల తాగేస్తుంది గనుక ఏటికి చేరే నీరు నాలుగు రెట్లకు కాక ఇంకా ఎక్కువ రెట్లకు పెరుగుతుంది.

అల్పపీడనం గానీ వాయుగుండం గానీ తనంతట తాను పెద్దగా నడవదు. నేల నుంచి కొన్ని కిలోమీటర్ల ఎత్తున విశాలంగా వీచే గాలి ప్రవాహం దానిని మోసుకుపోతుంది. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగే సెప్టెంబరు చివరలో, ఈశాన్య రుతుపవనాలు ఇంకా కుదురుకోని అక్టోబరు మొదట్లో, ఆ పై ప్రవాహం ఒక్కొక్కప్పుడు బాగా బలహీనపడుతుంది. లేదా ఆ వ్యవస్థకు రెండు పక్కలా అధిక పీడన ప్రాంతాలు ఏర్పడి, ఒకటి ఇటూ ఒకటి అటూ నెట్టడం వల్ల అది ఎటూ పోలేక ఉన్నచోటనే తిరుగుతుంది. సముద్రం నుంచి తేమ అందుతున్నంతకాలం దాని వాన తగ్గదు. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే పట్టి ఉంచుకోగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుందన్నది భౌతిక శాస్త్రంలో స్థిరపడిన విషయం కనుక, ఒకే తీరుగా నిలిచిన రెండు వ్యవస్థల్లో వెచ్చని కాలానిది ఎక్కువ కురుస్తుంది.

తుపానులు పోనుపోను నెమ్మదిస్తున్నాయా అన్న ప్రశ్నకు జవాబు ఇంకా తేలలేదు. అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ కాసిన్ 2018లో ప్రచురించిన పరిశీలన ప్రకారం 1949 నుంచి 2016 వరకు ప్రపంచమంతటా ఉష్ణమండల తుపానుల నడక దాదాపు 10 శాతం మందగించింది. ఉపగ్రహాలు లేని తొలినాళ్ల రికార్డులను నమ్మి అంత మాట అనవచ్చునా అని ఇతర శాస్త్రవేత్తలు ఎదురు ప్రశ్న వేశారు. అమెరికాలోని హ్యూస్టన్ ప్రాంతంలో 2017 ఆగస్టులో హార్వే తుపాను, చెన్నై ఎదుట 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మెల్లగా కదిలి చేసిన నష్టం అందరికీ తెలిసినదే. రాయలసీమకు సంబంధించినంతవరకు ఈ వివాదం తేలేదాకా ఆగవలసిన అవసరం లేదు, ఎందుకంటే నిలిచిన వాన ఇక్కడ రేపటి ముప్పు కాదు, జరిగిపోయిన అనుభవం.

2009వ సంవత్సరం దేశమంతటా రుతుపవనాలు విఫలమైన ఏడాది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు దేశంలో కురిసిన వాన దీర్ఘకాల సగటులో 78 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లోనూ విత్తనం వేసిన రైతు ఆకాశం వైపు చూస్తూ గడిపిన కాలమది. అటువంటి ఏడాది సెప్టెంబరు ఆఖరికి శ్రీశైలం జలాశయంలో నీరు దండిగా చేరితే దానిని వదిలిపెట్టమని ఏ ఇంజనీరూ సలహా ఇవ్వలేడు, ఇచ్చినా ఏ ప్రభుత్వమూ వినదు. ఆ సమయంలోనే బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం ఒకటి నేల మీదికి వచ్చి, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల మీదా ఉత్తర కర్ణాటక మీదా రోజుల తరబడి తెరిపి లేకుండా కురిసింది.

ఆ వరదకు ఉన్న ఒక ప్రత్యేకతను గుర్తించకపోతే దాని ఆకస్మికత అర్థం కాదు. కృష్ణా, తుంగభద్ర నదులకు మామూలుగా వరద వచ్చేది పడమటి కనుమల్లో కురిసిన వాన వల్ల; ఆ నీరు ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల ఆనకట్టల మీదుగానో, హోస్పేట వద్దనున్న తుంగభద్ర ఆనకట్ట మీదుగానో దిగవలసి ఉంటుంది గనుక, ఎగువన గేట్లు ఎత్తిన వార్త అందిన తరువాత దిగువ ఊళ్లకు కొంత వ్యవధి చిక్కుతుంది. 2009లో వాన కనుమల్లో కాక నదీ పరివాహక ప్రాంతపు నడుమ, ఆనకట్టలకు దిగువన కురిసింది. పరివాహక ప్రాంతమంటే ఏ నేల మీద పడిన వాన చివరకు ఆ నదిలోకి చేరుతుందో ఆ నేల అంతా. వేదవతి, హంద్రీ వంటి ఏళ్లూ, ఏడాదిలో చాలాకాలం ఇసుక తప్ప మరేమీ కనిపించని వంకలూ ఒక్కసారిగా పొంగి, ఏ పెద్ద గేటూ అడ్డులేని దారిలో తుంగభద్రకు చేరాయి. రాఘవేంద్రస్వామి మఠం ఉన్న మంత్రాలయం నీట మునిగింది. దిగువన సుంకేసుల బరాజు తట్టుకోగలిగినదానికి మించిన నీరు వచ్చి దాని మట్టికట్టకు గండి పడింది. ఆ బరాజు ఉన్నది, 19వ శతాబ్దిలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించి, 1882లో ప్రభుత్వం కొనుగోలు చేసిన కర్నూలు-కడప కాలువ మొదలయ్యే చోట.

కర్నూలు పాతబస్తీ తుంగభద్ర, హంద్రీ నదుల సంగమం వద్ద ఉంది. పెద్ద నది మట్టం పెరిగినప్పుడు అందులో కలవవలసిన ఉపనది నీరు దారి చాలక వెనక్కి ఎగదన్నుతుంది. అందువల్ల అక్టోబరు 2న పట్టణంలోకి నీరు ఒక్క తుంగభద్ర వైపు నుంచే కాక హంద్రీ వైపు నుంచి కూడా చొచ్చుకువచ్చింది. పల్లపు వీధుల్లో ఇళ్లు పైకప్పుల దాకా మునగగా, జనం మేడల మీద తలదాచుకుని రాత్రి గడపవలసి వచ్చింది. అలంపురం కూడా నీటిపాలైంది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రాష్ట్రాలలో కలిపి ఆ వానలకూ వరదలకూ చనిపోయినవారి సంఖ్య 200 దాటింది.

అదే సమయానికి కృష్ణా, తుంగభద్రల నీరంతా చేరే శ్రీశైలం వద్ద జరుగుతున్నది మరొక కథ. ఆ ఆనకట్టను సుమారు 19 లక్షల క్యూసెక్కుల వరదకు సరిపోయేలా రూపొందించారు; క్యూసెక్కు అంటే ఒక సెకనులో ఒక ఘనపుటడుగు నీరు పారడం. వచ్చిన వరద గరిష్ఠ స్థాయిలో 25 లక్షల క్యూసెక్కుల వరకు ఉన్నట్లు లెక్కగట్టారు. 25 లక్షల క్యూసెక్కులు ఒక రోజంతా పారితే దాదాపు 216 టి.ఎం.సి.లు, అంటే 216 వందకోట్ల ఘనపుటడుగులు. పూడిక చేరిన తరువాత శ్రీశైలం జలాశయపు మొత్తం నిల్వ సామర్థ్యం కూడా ఇంచుమించు అంతే. వచ్చే నీటికీ వదలగలిగిన నీటికీ మధ్య ఏర్పడిన అంతరం వల్ల, 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటి జలాశయం 896 అడుగుల వరకు పెరిగింది. కర్నూలు పట్టణపు సగటు ఎత్తు సముద్రమట్టానికి సుమారు 273 మీటర్లని, అంటే ఇంచుమించు 895 అడుగులని చెబుతారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవారు, పట్టణాన్ని ముంచినది జలాశయపు వెనుక జలాలేనని వాదించారు. నది పారాలంటే వాలు కావాలి గనుక ఎగువ మట్టం ఎలాగూ హెచ్చుగానే ఉంటుందని, అంత వాన కురిసినప్పుడు ఆనకట్ట లేకపోయినా సంగమం వద్ద ఊరు మునిగేదేనని మరికొందరు వాదించారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది.

ఇంకొక నిజం కూడా ఉంది, దానిని ఒప్పుకోవడం కర్నూలువాసులకు కష్టమే. శ్రీశైలానికి చేరిన 25 లక్షల క్యూసెక్కుల వరద, అక్కడా నాగార్జునసాగర్ వద్దా నిలిచి, నలిగి, అక్టోబరు 5 నాటికి విజయవాడ ప్రకాశం బరాజు చేరేసరికి 11 లక్షల 10 వేల క్యూసెక్కులకు తగ్గింది. 1903 నాటి రికార్డును దాటిన ఆ అంకెను 2024 సెప్టెంబరు వరద మించేదాకా ఏ వరదా అందుకోలేదు. శ్రీశైలం ఆ నీటిని ఆపకుండా వచ్చినదంతా వచ్చినట్టే కిందికి వదిలి ఉంటే కృష్ణా డెల్టా గతి ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. ఎగువ ఊరి కష్టమూ దిగువ ఊరి రక్షణా ఒకే నిలుపుదలలో ముడిపడి ఉండటం పెద్ద ఆనకట్టల స్వభావం. ఆ ముడిని నిర్మాణ దశలో ఎవరూ ఎగువవారికి వివరించి చెప్పరు.

ఏ నెలలో ఏ తేదీకి జలాశయాన్ని ఎంతవరకు నింపవచ్చో, వరద కోసం ఎంత ఖాళీ ఉంచాలో చెప్పే పట్టికను జలాశయ నిర్వహణలో రూల్ కర్వ్ అంటారు. శ్రీశైలంలో 50 టి.ఎం.సి.ల ఖాళీ ఉంచి ఉంటే ఏమయ్యేదని లెక్కవేస్తే, రాక పోకల మధ్య 10 లక్షల క్యూసెక్కుల తేడా ఉన్నప్పుడు ఆ ఖాళీ నిండటానికి సుమారు 14 గంటలు పడుతుంది. వరదను ఆపడానికి 14 గంటలు చాలవు, కానీ ఒక పట్టణాన్ని ఖాళీ చేయించడానికి చాలు, గరిష్ఠ మట్టాన్ని కొన్ని అడుగులు తగ్గించడానికీ చాలు. దానికి చెల్లించవలసిన వెల, ఆ తరువాత వాన రాకపోతే, లక్షల ఎకరాల ఆరుతడి పంట. పోతిరెడ్డిపాడు ద్వారా రాయలసీమ కాలువలకు నీరు ఎక్కాలంటే శ్రీశైలం మట్టం ఎత్తులో ఉండాలి గనుక, జలాశయం ఎప్పుడూ నిండుగా ఉండాలని గట్టిగా కోరేది కూడా కర్నూలు, కడప జిల్లాల రైతులే. ఈ వైరుధ్యాన్ని అధికారుల నిర్లక్ష్యంగా కొట్టివేయడం సులువైన పని, న్యాయమైన పని కాదు. అయినా వాన సూచన మూడు నాలుగు రోజుల ముందుగా నమ్మదగినంత స్పష్టంగా అందుతున్న ఈ కాలంలో, తేదీని బట్టి కాక సూచనను బట్టి ఖాళీ చేసే పద్ధతికి అవకాశం 2009లో కంటే ఇప్పుడు ఎంతో మెరుగ్గా ఉంది.

కడప జిల్లా వ్యవహారం వేరు. ఇక్కడి ప్రధాన నది పెన్న; కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, గండికోట లోయను కోసుకుంటూ వచ్చి, కుందూ, సగిలేరు, చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు నదులను కలుపుకొని, సోమశిల మీదుగా నెల్లూరు వైపు సాగిపోతుంది. కుందూ లోయలోని నల్లరేగడి ఎండలో బీటలు వారి మొదటి వానను బాగా తాగుతుంది గానీ, తడిసి ఉబ్బగానే ఆ బీటలు మూసుకుపోయి, తరువాత పడిన వాన నేల మీదనే పారుతుంది. చెయ్యేరు ఎగువన అందుకు భిన్నంగా గుట్టలు, రాతినేల, పలుచని మట్టి. వాలు ఎక్కువ, దూరం తక్కువ, అందువల్ల కొండ మీద పడిన చినుకు ఏరుగా మారడానికి రోజులు కాదు, గంటలు పడుతుంది.

2021 నవంబరు 19 తెల్లవారుజామున చెన్నై సమీపంలో తీరం దాటిన వాయుగుండం, దాని ముందూ వెనుకా తూర్పు గాలులు శేషాచలం, పాలకొండ, వెలికొండ శ్రేణులను ఢీకొని పైకి లేవడం వల్ల కురిసిన కుండపోత, తిరుమల నుంచి రాజంపేట దాకా ఉన్న కొండసీమను ముంచెత్తాయి. ఆ నవంబరులో అప్పటికే వరుస వానలు పడి నేల నానిపోయి ఉంది. బాహుదా, పింఛా ఏళ్లు కలిసి చెయ్యేరు అవుతుంది. ముందుగా పింఛా ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీరు కూడా తోడై, రాజంపేట మండలం బాదనగడ్డ వద్దనున్న అన్నమయ్య ప్రాజెక్టు మీద పడింది. ప్రాజెక్టుకు ఉన్న 5 గేట్లలో ఒకటి పనిచేయలేదని, మిగులు నీటిని వదిలే స్పిల్‌వే సామర్థ్యం కంటే వచ్చిన వరద చాలా ఎక్కువని తరువాత వెల్లడైంది. నీరు మట్టికట్ట మీదుగా పొర్లి కట్టను కోసివేసింది. మట్టికట్టలకు ఉన్న ముఖ్య బలహీనత ఇదే: రాతికట్ట మీదుగా నీరు పొర్లినా అది కొంతసేపు నిలబడగలదు, మట్టికట్ట నిలబడదు. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట, నందలూరు ప్రాంతాలలో ఇళ్లూ పశువులూ మనుషులూ కొట్టుకుపోయారు. అది కార్తిక పౌర్ణమి నాటి ఉదయం కావడంతో శివాలయానికి వెళ్లినవారూ వరదలో చిక్కుకున్నారు. రైలు కట్ట తెగింది, ఆర్టీసీ బస్సులు నీటిలో చిక్కుబడ్డాయి. అవే రోజుల్లో కమలాపురం వద్ద పాపాఘ్ని మీది వంతెన కూలింది.

ఇక్కడ ఖాళీ ఉంచడమనే వాదం ఎంతవరకు నిలుస్తుందో చూడవచ్చు. అన్నమయ్య ప్రాజెక్టు సామర్థ్యం 2.24 టి.ఎం.సి.లు. 3 లక్షల క్యూసెక్కుల వరద వస్తే ఆ జలాశయం పూర్తిగా ఎండి ఉన్నా రెండు గంటల్లో నిండిపోతుంది. అంటే శ్రీశైలం విషయంలో విలువైన ఖాళీ ఇక్కడ దాదాపు నిరర్థకం. ఇటువంటి చిన్న జలాశయానికి కావలసినవి నీరు పోయే దారీ, తెరుచుకునే గేట్లూ, ఎగువ కట్ట తెగిన మరుక్షణం దిగువ ఊరిని లేపే ఏర్పాటూ. కొత్త జలాశయాన్ని ఎంత పెద్దది కట్టాలన్న చర్చకు దొరికినంత శ్రద్ధ, ఉన్న గేటుకు గ్రీజు పెట్టే పనికి ఏ బడ్జెట్‌లోనూ దొరకదు.

కడప నేలకు ఈ అనుభవం కొత్తది కాదు. 1902 సెప్టెంబరులో ముద్దనూరు సమీపంలోని మంగపట్నం వద్ద, వాన నీటి ధాటికి వంతెన కూలి, మద్రాసు, బొంబాయిల మధ్య నడిచే మెయిలు రైలు వాగులో పడి 70 మందికి పైగా చనిపోయారు. 2001 అక్టోబరులో బుగ్గవంక కడప నగరంలోకి చొరబడి ప్రాణాలు తీసింది. 2020 నవంబరులో నివర్ తుపాను వెంట వచ్చిన వానలకు అదే వంక అదే నగరంలోని వీధులను మళ్లీ ముంచింది. ఏడాదిలో ఎక్కువ రోజులు మురుగు తప్ప నీరు కనిపించని వంకను నది అని ఒప్పుకోవడం ఇల్లు కట్టుకునేవారికీ, స్థలం అమ్మేవారికీ, అనుమతి ఇచ్చేవారికీ కూడా మనస్కరించదు.

ఇదే జిల్లాలోని పోరుమామిళ్లలో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కొండల నడుమ కట్టలు కట్టించి అనంతరాజసాగరమనే పెద్ద చెరువును నిర్మించాడు. 1369 నాటి అక్కడి శాసనం, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలతోపాటు చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను కూడా లెక్కిస్తుంది. పారవలసిన నేల విస్తారంగా ఉండి నీరు చాలకపోవడం ఆ దోషాల్లో ఒకటి, కరువు సీమలో అది సహజమే. ఆశ్చర్యం కలిగించేది దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న మరొక దోషం: నేల కొంచెమై నీరు మితిమీరడం. నీటికోసం తపించే ప్రాంతంలో కూర్చుని, నీరు ఎక్కువ కావడాన్ని కూడా కట్ట కట్టడానికి ముందే లెక్కలోకి తీసుకోవలసిన లోపంగా గుర్తించిన ఆ చూపు, తరువాతి శతాబ్దాల ఇంజనీరింగ్‌లో అంత స్థిరంగా కనిపించదు.

అన్నమయ్య కట్ట తెగిన రెండు వారాలకు, 2021 డిసెంబరు 2న, రాజ్యసభ ఆనకట్టల భద్రతా బిల్లును ఆమోదించింది. ఆ నెలాఖరు నుంచి అమలులోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం ప్రతి పెద్ద ఆనకట్టకూ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలి, అంటే కట్ట తెగితే నీరు ఏ ఊరికి ఎంతసేపటిలో చేరుతుందో, ఎవరు ఎవరికి కబురు చేయాలో ముందే రాసిపెట్టి ఉంచాలి. చట్టం లెక్కలోకి వచ్చేవి 15 మీటర్లకు మించిన ఆనకట్టలు, కొన్ని షరతులకు లోబడి 10 నుంచి 15 మీటర్ల ఎత్తున్నవి. రాయలసీమలోని ఊరి చెరువుల్లో అత్యధిక భాగం ఆ ఎత్తుకు చేరవు. అవి ఒకదాని మిగులు మరొకదానిలోకి దిగే గొలుసుకట్టు చెరువులు కావడం వల్ల, పైచెరువు తెగితే ఆ నీరు కిందిచెరువు కట్టను కూడా తెంపుకుంటూ పోతుంది. చెరువు నిండాక అదనపు నీరు పొర్లిపోయే రాతిగోడను ఈ సీమలో మరవ అంటారు; మరికొంత నీరు నిలుస్తుందన్న ఆశతో రైతులు దాని మీద రాళ్లు పేర్చి, మట్టి బస్తాలు వేసి ఎత్తు పెంచడం పరిపాటి. పూర్వం చెరువు తూములనూ మరవనూ కనిపెట్టుకుని ఉండటానికి నీరుగంటి అనే గ్రామ ఉద్యోగి ఉండేవాడు, ఆ పనికి పంటలో వాటా పొందేవాడు. ఆ ఉద్యోగం చాలా ఊళ్లలో అంతరించింది. మరవ మీద రాళ్లు మాత్రం ఏటా చేరుతూనే ఉన్నాయి, అక్టోబరు రాకముందే వాటిని తీయించవలసిన పని నీటి సంఘానిదో, పంచాయతీదో, నీటిపారుదల శాఖదో చాలా ఊళ్లలో తేలకుండానే వానలు వచ్చేస్తున్నాయి.